స్టెరాయిడ్ పడ్డ పిల్లి రక్తం

పుదుచ్చేరిలో పిల్లి పేలకు ఒక కాలమంటూ లేదు. సముద్రపు తేమ, ఏడాది పొడుగునా వదలని ఉక్క వాటికి బాగా కలిసొస్తాయి. నటేశన్ నగర్‌లో మేడ మీద వాటాలో అద్దెకున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. యానాం వాళ్ళు. గోదావరి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరూ, 800 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న ఈ రాజధానీ ఒకే కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళింట్లో ఒక పిల్లి. పేలు కుట్టిన చోటల్లా గోక్కుని, నాక్కుని, తోక మొదట్లో బొచ్చంతా ఊడి పుండు పడింది. డాక్టరు గారు ఒక స్టెరాయిడ్ సూది వేశారు. రెండు మూడు రోజుల్లో గోకుడు ఆగింది. ఆరో రోజుకి పిల్లి మూలన పడుకుని లేవడం లేదు, తిండి ముట్టడం లేదు. రక్తం తీయించారు. దగ్గర్లో పశువుల ల్యాబ్ లేక నమూనా మనుషుల ల్యాబ్‌కే వెళ్ళింది. కాగితం వచ్చింది: గ్లూకోజ్ 232. సోడియం 143. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 120. ఇసినోఫిల్స్ సున్నా.

అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. ఇలాంటి కాగితం చేతిలో పట్టుకుని “మా పిల్లికి షుగర్ వచ్చిందా డాక్టరు గారూ?” అని అడిగేవాళ్ళు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఈ నాలుగు అంకెల్లో ఏది రోగం, ఏది మందు పని, ఏది పిల్లి భయం? అది తేలాలంటే పిల్లి ఒంట్లో స్టెరాయిడ్ ఏం చేస్తుందో తెలియాలి. అది మనిషిలో చేసేది వేరు, కుక్కలో చేసేది వేరు, పిల్లిలో చేసేది వేరు.

మూత్రపిండాల పక్కనే ఉండే అడ్రినల్ గ్రంథులకు రెండు పొరలు. పై పొర కార్టెక్స్. కార్టిసాల్ అక్కడ తయారవుతుంది. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, ట్రయామ్సినొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అన్నీ దాని పోలికతో ప్రయోగశాలలో చేసినవి. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో వైసోలోన్ పేరు తెలియనివాళ్ళు ఉండరు. అది ప్రెడ్నిసొలోనే. పిల్లులకు కూడా ఉబ్బసం వస్తుంది, పేగు వాపు వస్తుంది, చిగుళ్ళు పుండ్లు పడతాయి, లింఫోమా వస్తుంది. వీటన్నిటిలోనూ పశువైద్యుల చేతికి మొదట అందే మందు ఇదే.

కార్టిసాల్ అసలు ఉద్యోగం ఆపద సమయంలో ఒంటికి ఇంధనం సమకూర్చడం. కండల్లోని మాంసకృత్తుల్ని విడగొట్టి, ఆ అమైనో ఆమ్లాలతో కాలేయం చేత కొత్తగా గ్లూకోజ్ చేయిస్తుంది. కండకీ కొవ్వుకీ ఇన్సులిన్ మాట సరిగా వినపడకుండా చేసి, ఆ గ్లూకోజ్ రక్తంలోనే నిలిచేట్టు చూస్తుంది. దాచిన కొవ్వును కదిలిస్తుంది. వీటితో పాటే రోగనిరోధక కణాల జోరు తగ్గించి వాపునూ దురదనూ అణుస్తుంది. డాక్టరుకు కావలసింది ఈ చివరి పని. మిగిలినవి అడగకుండానే వెంట వస్తాయి.

పిల్లి సంగతికొస్తే, అది పూర్తి మాంసాహారి. అన్నం, రొట్టె తినే జంతువులకు భోజనంతో పాటే గ్లూకోజ్ వచ్చిపడుతుంది. పిల్లికి ఆ దారి దాదాపు లేదు. దాని కాలేయం తిన్న మాంసకృత్తుల నుంచే రోజంతా గ్లూకోజ్ చేసుకుంటూ ఉంటుంది. భోజనం వెంట ఒక్కసారిగా వచ్చే గ్లూకోజ్‌ను పట్టి దాచుకోవడానికి మన కాలేయంలో పనిచేసే గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. పైగా, కుక్కతో పోలిస్తే పిల్లి చర్మంలోనూ కాలేయంలోనూ కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు సుమారు సగమే ఉంటాయని 1992లో అచ్చయిన పరిశోధన చూపించింది. అవి మందును పట్టుకునే పట్టు కూడా తక్కువే. అందుకే కిలో బరువుకు కుక్కకు ఇచ్చేదానికంటే పిల్లికి ఎక్కువ మోతాదు, చాలాసార్లు రెట్టింపు, ఇవ్వాల్సి వస్తుంది. ఈ ఎక్కువ మోతాదును పిల్లి పైకి బాగానే ఓర్చుకుంటుంది. కుక్కలకు స్టెరాయిడ్ పడగానే కనిపించే విపరీతమైన దాహం, పదేపదే మూత్రం పిల్లుల్లో అంతగా కనపడవు. చూడ్డానికి ఏమీ కానట్టే ఉంటుంది. నన్ను భయపెట్టేది ఆ నిబ్బరమే. పైకి ఏమీ తెలియని జంతువు లోపలి మార్పు రక్తంలోనే దొరకాలి.

మాత్రల విషయంలో ఇంకో తేడా ఉంది. ప్రెడ్నిసోన్ అనే మందు కాలేయంలో ప్రెడ్నిసొలోన్‌గా మారాకే పనిచేస్తుంది. ప్రెడ్నిసోన్‌ను నోటి ద్వారా ఇచ్చినప్పుడు అలా పనిచేసే రూపంలో పిల్లి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. అందుకని పిల్లులకు నేరుగా ప్రెడ్నిసొలోనే ఇస్తారు. పేర్లలో ఒక్క అక్షరం తేడా, పనిలో మాత్రం చాలా తేడా. మందుల దుకాణంలో ఒకటి బదులు ఇంకొకటి తీసుకుంటే ‘మందు పనిచేయలేదు’ అనిపించి మోతాదు పెంచుకుంటూ పోతారు.

ఇక 232 దగ్గరికి వద్దాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి డెసీలీటరు రక్తంలో గ్లూకోజ్ సుమారు 70 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 232 ఎక్కువే. కానీ ఎందుకు ఎక్కువ?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన తొలి శాస్త్రజ్ఞులు పిల్లుల మీదే పనిచేశారు. 1911లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వాల్టర్ కానన్, ఆయన సహచరులు పిల్లుల్ని బల్లకు కట్టి ఉంచారు. కొన్నిటిని బోనులో పెట్టి ఎదురుగా కుక్క చేత మొరిగించారు. కాసేపటికి ఆ పిల్లుల మూత్రంలో చక్కెర కనపడింది. అడ్రినల్ గ్రంథులు తీసేసిన పిల్లుల్ని అలాగే బెదిరిస్తే చక్కెర రాలేదు. ఒట్టి భయమే రక్తంలో చక్కెరను పెంచగలదని, అది అడ్రినల్ ద్వారా జరుగుతుందని తేలింది. ఇది గ్రంథి లోపలి పొర వదిలే అడ్రినలిన్ పని.

పాతికేళ్ళ తరవాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సీఎన్‌హెచ్ లాంగ్, ఎఫ్‌డీడబ్ల్యూ లూకెన్స్ మళ్ళీ పిల్లుల్నే తీసుకున్నారు. క్లోమం తీసేస్తే ఇన్సులిన్ ఉండదు, తీవ్రమైన మధుమేహం వచ్చి పిల్లి కొద్ది రోజుల్లో చనిపోతుంది. వాళ్ళు క్లోమంతో పాటు అడ్రినల్ గ్రంథుల్ని కూడా తీసేశారు. మూత్రంలో చక్కెర తగ్గిపోయింది, పిల్లులు ఎక్కువ కాలం బతికాయి. 1936లో అచ్చయిన ఆ వ్యాసంతో ఒక సంగతి గట్టిపడింది. ఒంట్లో ఇన్సులిన్‌కు ఎదురు లాగే శక్తి అడ్రినల్ కార్టెక్స్‌లో ఉంది. స్టెరాయిడ్ అనే మందు పుట్టకముందే, స్టెరాయిడ్ షుగర్ తెస్తుందన్న తెలివిడి పిల్లుల దగ్గర నుంచి మనకు వచ్చింది. ఆ ప్రయోగాల్లోని బాధ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ జ్ఞానాన్ని తిరిగి పిల్లుల వైద్యానికి జాగ్రత్తగా వాడుకోవడమన్నా మనం చేయాలి.

అంటే పిల్లి చక్కెర పెరగడానికి రెండు దారులు. ఒకటి భయం, నిమిషాల పని. రెండోది స్టెరాయిడ్, రోజుల పని. ఆటోలో బుట్టలో మూసి తెచ్చి, కుక్కలు మొరిగే వరండాలో కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకుని సూది గుచ్చితే ఏ పిల్లికైనా మొదటి దారి తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జాకీ రాండ్ బృందం 20 ఆరోగ్యమైన పిల్లులకు ఐదేసి నిమిషాలు నీళ్ళు చల్లి స్నానం చేయించి దీన్ని కొలిచింది. ఫలితాలు 2002లో వచ్చాయి. ఎంతగా పెనుగులాడిన పిల్లికి అంతగా చక్కెర పెరిగింది. ఆ పెరుగుదల కార్టిసాల్ కంటే కూడా లాక్టేట్‌తో, నోర్‌అడ్రినలిన్‌తో జత కలిసింది. కాబట్టి ఒక్కసారి తీసిన 232 చూసి పిల్లికి మధుమేహం ముద్ర వేయడం తప్పు. స్టెరాయిడ్ వేశాం కదా, మామూలేలే అని వదిలేయడం కూడా తప్పే.

విడదీసే సాధనాలు ఉన్నాయి. మొదటిది మూత్రం. పిల్లి మూత్రపిండాలు గ్లూకోజ్‌ను చాలావరకు ఆపగలవు. మనలో రక్తపు గ్లూకోజ్ 180 దాటితే మూత్రంలో పడడం మొదలవుతుంది, పిల్లిలో సుమారు 270 దాటాలి. ఇంట్లో, ఖాళీ ట్రేలో పట్టిన మూత్రంలో చక్కెర ఉందంటే ఆ పిల్లి రక్తంలో గ్లూకోజ్ గంటల తరబడి అంతకు పైన ఉందని అర్థం. రెండోది ఫ్రక్టోసమీన్ పరీక్ష. రక్తంలోని మాంసకృత్తులకు గ్లూకోజ్ అంటుకుని ఏర్పడే పదార్థం ఇది. వెనకటి ఒకటి రెండు వారాల సగటును చూపిస్తుంది. ఆటో ప్రయాణపు భయం దీన్ని కదిలించలేదు. ఒక్క జాగ్రత్త: సూది వేసి ఆరు రోజులే అయితే ఫ్రక్టోసమీన్ ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. రెండు మూడు వారాలకు మళ్ళీ చూడాలి. మూడోది ఇంట్లోనే చెవి అంచున చిన్న చుక్క తీసి గ్లూకోమీటర్‌తో చూడడం. ఓపిక ఉన్నవాళ్ళు నేర్చుకుంటారు. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

స్టెరాయిడ్ వల్ల నిజంగా మధుమేహం ఎన్ని పిల్లులకు వస్తుంది? 2021లో అచ్చయిన ఒక పరిశీలనలో రోజుకు కిలోకి 1.9 మిల్లీగ్రాములు, ఆ పైన ప్రెడ్నిసొలోన్ మూడు వారాలకు మించి తీసుకున్న 143 పిల్లుల రికార్డులు చూశారు. 14 పిల్లులకు మధుమేహం వచ్చింది. అంటే సుమారు పదింటికి ఒకటి. అందులో 12 మొదటి మూడు నెలల్లోనే పడ్డాయి. ఈ మూడు నెలల సంగతి గోడ మీద రాసిపెట్టుకోదగ్గది. ఎప్పుడు వెతకాలో అది చెబుతోంది. మందులన్నీ ఒకటి కావు. 14 పిల్లులకు 56 రోజుల పాటు సమానబలం ఉన్న మోతాదుల్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఇచ్చి పోల్చిన 2009 నాటి చిన్న ప్రయోగంలో డెక్సామెథసోనే ఎక్కువగా చక్కెర వైపు తోసింది. లావుగా, ఇంట్లోంచి కదలకుండా పెరిగిన మగ పిల్లికి ఆ మందు దీర్ఘకాలం వాడేముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఇప్పుడు ఏఎల్‌పీ, అంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. నాలుగు అంకెల్లో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే, కాగితం మీద మాత్రం దాని పక్కన ఏ గుర్తూ ఉండదు. పెద్దవాళ్ళ రక్తంలో 120 చాలా ల్యాబుల్లో మామూలు కిందే లెక్క. పిల్లికి అది ఎక్కువ.

కుక్కల డాక్టర్లకు ఈ ఎంజైమ్ పాత చుట్టం. స్టెరాయిడ్ పడితే కుక్క కాలేయం ప్రత్యేకంగా ఒక రకం ఏఎల్‌పీని తయారుచేస్తుంది. అంకె వందలు దాటి వేలల్లోకి పోవచ్చు, కుక్క హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ వాడుతున్నారని తెలిస్తే ఆ అంకెను చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. పిల్లికి ఆ ప్రత్యేక రకం ఎంజైమే లేదు. పైగా పిల్లి రక్తంలో ఏఎల్‌పీ నిలిచే కాలం చాలా తక్కువ. కుక్కలో సగం తగ్గడానికి సుమారు 70 గంటలు పడితే పిల్లిలో 6 గంటలు చాలు. అంత త్వరగా మాయమయ్యే ఎంజైమ్ రక్తంలో ఎక్కువగా కనపడిందంటే, వెనక దాన్ని ఆపకుండా వదులుతున్న కారణం ఉండాలి. కాబట్టి స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లికి ఏఎల్‌పీ పెరిగితే ఆ నెపం స్టెరాయిడ్ మీద వేయకూడదు. కాలేయంలో కొవ్వు పేరుకుంటోందా, పైత్యనాళంలో అడ్డు ఉందా, మధుమేహమా, ముసలి పిల్లి అయితే థైరాయిడ్ ఎక్కువైందా అని వెతకాలి.

మన నటేశన్ నగర్ పిల్లి తిండి మానేసింది. స్టెరాయిడ్ మామూలుగా ఆకలి పెంచుతుంది. ఆ మందు పడి కూడా ముద్ద ముట్టని పిల్లి అంటేనే ఏదో ఉందన్నమాట. పిల్లి కొన్ని రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలోకి వచ్చి చేరుతుంది, కాలేయం దాన్ని బయటికి పంపలేక అందులోనే మునుగుతుంది. లావు పిల్లులకు ఇది మరీ వేగంగా వస్తుంది. వైద్యం ఆలస్యమైతే ప్రాణం పోతుంది. సకాలంలో, అవసరమైతే ముక్కు గొట్టంతోనైనా, కడుపు నిండా ఆహారం పెడితే చాలా పిల్లులు కోలుకుంటాయి. మనుషుల ల్యాబ్ కాగితం మీద ఆ 120 పక్కన ఏ నక్షత్రమూ లేకపోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది. స్టెరాయిడ్ స్వయంగా పిల్లి కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు కూడా పశువైద్య సాహిత్యంలో ఉన్నాయి, కానీ అవి అరుదు, చాలాకాలం ఎక్కువ మోతాదు వాడాక వచ్చేవి. ఒక్క సూదికి ఆరో రోజున అలా అనుకోవడానికి లేదు.

సోడియం 143 కూడా ఇలాంటిదే. మనుషులకు 135 నుంచి 145 మామూలు. పిల్లి రక్తం మనకంటే ఉప్పు ఎక్కువ కలది, చాలా ల్యాబుల్లో 147 పైన ఉండాలి. ఆరోగ్యమైన పిల్లి 152కి మనుషుల ల్యాబ్ ‘ఎక్కువ’ అని గుర్తు పెడుతుంది, తగ్గిపోయిన 143ని ‘మామూలు’ అంటుంది. ఎందుకు తగ్గింది మరి?

చర్మవ్యాధులున్న పిల్లులకు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అసిటేట్ అనే నిదానంగా కరిగే సూది వేసి, ముందూ తరవాతా కొలిచిన ప్రయోగం 2006లో అచ్చయింది. సూది వేసిన 3 నుంచి 6 రోజుల మధ్య గ్లూకోజ్ బాగా పెరిగింది. సరిగ్గా అదే సమయంలో ఎర్ర రక్తకణాల సంఖ్య, హిమోగ్లోబిన్, సోడియం, క్లోరైడ్ అన్నీ తగ్గాయి. రక్తం ఎక్కడా కారిపోలేదు, ఉప్పు ఎక్కడికీ పోలేదు. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ కణాల లోపలి నీటిని నాళాల్లోకి లాగింది. పులుసు పలచబడితే ఉప్పు చప్పగా తగిలినట్టు, ఉన్న సోడియమే ఎక్కువ నీళ్ళలో పలచబడింది. ప్లాస్మా పరిమాణం సగటున 13 శాతం పైన పెరిగింది. కొన్ని పిల్లుల్లో 40 శాతం దాటింది.

ఆరోగ్యమైన గుండె ఈ అదనపు బరువును మోస్తుంది. అయితే చాలా పిల్లుల గుండె కండరం బయటికి ఏ లక్షణమూ లేకుండానే మందమై ఉంటుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి స్టెతస్కోపుకూ దొరకదు. అలాంటి పిల్లికి నాళాల్లో నీరు ఒక్కసారిగా పెరిగితే ఊపిరితిత్తుల్లోకో, వాటి చుట్టూనో దిగుతుంది. స్టెరాయిడ్ వేశాక ఇలా గుండె విఫలమైన 12 పిల్లుల కథ 2004లో పశువైద్యులు ప్రచురించారు. బతికి బయటపడ్డ కొన్ని పిల్లులకు తరవాత గుండె మందులు మానేయగలిగారు. మామూలు గుండె జబ్బులో అది అరుదు. గుండె వైఫల్యానికి తక్షణ కారణం గుండెలో కంటే పెరిగిన నీటిలోనే ఉందనడానికి అది మంచి ఆధారం.

అందుకే ఆ కుటుంబానికి నేను ముందుగా చెప్పేది కాగితం పక్కన పెట్టి నిద్రపోతున్న పిల్లి ఊపిరి లెక్కపెట్టమని. నిమిషానికి 30కి లోపు ఉంటే నిదానించవచ్చు. పదే పదే 30 దాటుతుంటే, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే ఆ పూటే ఆసుపత్రికి. పశువైద్య కళాశాల ఉన్న ఊరు కావడం పుదుచ్చేరివాళ్ళ అదృష్టం. కురుంబాపేట్‌లోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ నగరం అంచునే ఉంది. మన రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ కళాశాలలు ఇలాంటివే.

సున్నా ఇసినోఫిల్స్ సంగతి తొందరగా చెప్పేయవచ్చు. స్టెరాయిడ్ పడితే ఈ కణాలూ లింఫోసైట్లూ రక్తంలోంచి తప్పుకుంటాయి, న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. అది మందు సంతకం. చిక్కల్లా ఏమిటంటే పేలకూ, పేగు పురుగులకూ, ఉబ్బసానికీ ఆధారం చూపించేవి కూడా ఈ ఇసినోఫిల్సే. సూది వేశాక పరీక్ష చేస్తే ఆ ఆధారం చెరిగిపోయి ఉంటుంది. కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు, ఆల్బుమిన్ కూడా దీర్ఘకాలం వాడితే కొంత పైకి వెళ్తాయి. వాటంతటవే అవి పిల్లికి పెద్దగా హాని చేయవు.

మూత్రపిండాల అంకెలు అలా కాదు. ఇక్కడ మన భీమవరం మనిషిని తలుచుకోవాలి. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో హార్వర్డ్ వైద్య కళాశాలలోనే, అదే కానన్ ఉన్న చోటే, సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు. కొన్ని చుక్కల రక్తంలో ఒక పదార్థం ఎంతుందో నమ్మకంగా చెప్పగలగడం అప్పుడప్పుడే సాధ్యమవుతున్న కాలం అది. పిల్లుల మూత్రపిండాల జబ్బులో ఈ రోజుకీ భాస్వరం అంకె చూడకుండా ఆహారం నిర్ణయించరు. 1927లో ఆ ఇద్దరే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కాగితం మీద కనిపించే క్రియాటినిన్ పుట్టేది అందులోంచే, అంటే కండలోంచే.

ఇక్కడే స్టెరాయిడ్ మోసం చేస్తుంది. నెలల తరబడి వాడితే కండ కరుగుతుంది. వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముకలు తగులుతాయి, పొట్ట మాత్రం వేలాడుతుంది. కండ తగ్గితే క్రియాటినిన్ తక్కువ పుడుతుంది. మూత్రపిండాలు సగం పాడైనా అంకె బాగానే కనపడవచ్చు. అదే సమయంలో మాంసకృత్తుల విచ్ఛిన్నం వల్ల, కడుపులో పుండుపడి లోలోపల రక్తం కారితే మరీనూ, యూరియా పెరుగుతుంది. యూరియా ఎక్కువ, క్రియాటినిన్ తక్కువ ఉన్న కాగితాన్ని పిల్లి బరువూ కండా తడిమి చూడకుండా చదవలేం.

సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. ఈ పరిశోధనకే 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ వచ్చింది. సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలే తరవాతి దశాబ్దంలో ట్రయామ్సినొలోన్‌ను తెచ్చింది. పిల్లుల చర్మవ్యాధులకు వాడే సూదుల్లో అదీ ఒకటి.

ఆ కాగితం మీద లేని అంకె ఒకటుంది: కార్టిసాల్. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం మెదడు కింది పిట్యుటరీ గ్రంథి అడ్రినల్‌కు ఆజ్ఞలు పంపడం మానేస్తుంది. పనిలేని అడ్రినల్ కార్టెక్స్ కుంచించుకుపోతుంది. నిదానంగా కరిగే సూది ప్రభావం మూడు నుంచి ఆరు వారాలు ఉంటుంది, అన్నాళ్ళూ ఈ నిద్ర సాగుతుంది. వారాల తరబడి మాత్రలు వేసి, బాగైంది కదా అని ఒక్కరోజులో ఆపేస్తే పిల్లి సొంత కార్టిసాల్ చేసుకోలేక కూలబడుతుంది. తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, గ్లూకోజ్ పడిపోవచ్చు. అడ్రినల్ మొత్తం పాడైన జబ్బులో పొటాషియం పెరిగి సోడియం తగ్గి డాక్టరుకు దారి చూపిస్తాయి. ఇక్కడ ఆ దారి ఉండదు. ఉప్పులను కాపాడే ఆల్డోస్టిరోన్‌ను ప్రధానంగా నడిపేది మూత్రపిండాలు వదిలే రెనిన్, పిట్యుటరీ కాదు. సోడియం, పొటాషియం రెండూ చక్కగా ఉంటాయి, పిల్లి మాత్రం నేలకు అతుక్కుపోయి ఉంటుంది. కార్టిసాల్ కొలుద్దామంటే ఇంకో తిరకాసు: పిల్లి ప్రెడ్నిసొలోన్ మీద ఉంటే చాలా పరీక్షలు ఆ మందునే కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తాయి. డెక్సామెథసోన్‌తో ఈ గందరగోళం రాదు. ఏమైనా, నిద్రపోయిన అడ్రినల్ తిరిగి మేలుకోవాలి కాబట్టే మందు క్రమంగా తగ్గించమని చెబుతారు.

కాబట్టి నమూనా సీసాతో పాటు వెళ్ళే చీటీ మీద నాలుగు మాటలు రాసి తీరాలి: స్టెరాయిడ్ పేరు, మోతాదు, వేసిన తేదీ, ఇది పిల్లి రక్తం అన్న సంగతి. ఇంట్లో ఎవరైనా చేతికో మెడకో స్టెరాయిడ్ పూత మందు రాసుకుంటుంటే అది కూడా చెప్పాలి. ఒళ్ళో కూర్చున్న పిల్లి నాకే మందు లెక్కలోకి వస్తుంది. సూది వేసినవారు ఒక డాక్టరు, రక్తం చూసేవారు ఇంకో డాక్టరు అయినప్పుడు ఈ చీటీ లేకపోతే పైన చెప్పిన అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

ఆ తరవాత మన పిల్లికి ఏం చేయాలి? ముందు ఊపిరి లెక్క, గుండె పరీక్ష. ఆ రోజే తిండి పెట్టే ఏర్పాటు, కాలేయానికి స్కాన్. మూత్రంలో చక్కెర పరీక్ష, రెండు వారాలకు ఫ్రక్టోసమీన్. ఒకవేళ నిజంగానే మధుమేహం తేలినా నిరాశపడనక్కర్లేదు. స్టెరాయిడ్ వల్ల వచ్చిన మధుమేహాన్ని మొదట్లోనే పట్టి, ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండిపదార్థం తక్కువ ఉన్న ఆహారం ఇచ్చి, మందును డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తే చాలా పిల్లులు కొన్ని వారాల్లో, నెలల్లో ఇన్సులిన్ అవసరం లేకుండా పోతాయి. అలా కోలుకుంటున్న పిల్లికి పాత మోతాదు ఇన్సులినే ఇస్తూ పోతే చక్కెర పాతాళానికి పడి ఫిట్స్ వస్తాయి. అందుకే ఆ రోజుల్లో గ్లూకోజ్ తరచూ చూడాలి.

గోకుడు మళ్ళీ మొదలైతే ఇంకో సూదికి పరుగెత్తే ముందు పేల పని పట్టాలి. ఇంట్లో జంతువులన్నిటికీ ఒకేసారి మందు వేయాలి, పరుపులూ చాపలూ వేడి నీళ్ళలో ఉతకాలి, కనీసం మూడు నెలలు వదలకుండా చేయాలి. ఎందుకంటే పేల గూళ్ళు నేల పగుళ్ళలో, సోఫా మూలల్లో వారాల తరబడి దాక్కుని ఉండి తరవాత పొదుగుతాయి. మెడ మీద వేసే మందు కొనేటప్పుడు డబ్బా మీద పిల్లి బొమ్మ ఉందో లేదో చూసుకోవాలి. కుక్కలకు వాడే పర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. ఒక్క పూత చాలు వణుకు, ఫిట్స్ తెప్పించి చంపడానికి.